ఇరవై ఎనిమిదో నెల

ఉదయం ఎనిమిది గంటల నలభై నిమిషాలకు నా భార్య సుద్దముక్క చేతిలోకి తీసుకునేది. ప్రార్థన గంట ఎనిమిది యాభైకి. ఆ పది నిమిషాల్లో హెడ్మాస్టర్ గది బయటి గోడకున్న నల్లబోర్డు మీద నాలుగైదు వాక్యాలు రాసి, చేతులు దులుపుకుని, కాస్త దూరం పోయి నిలబడి ఒకసారి చదువుకునేది. బోర్డు పైభాగంలో తెల్ల పెయింటుతో ‘నేటి విశేషం’ అని ఉండేది. దాని కింద తేదీ. తేదీ కింద, అమెరికాలో టెక్సాస్ అనే రాష్ట్రంలో ఎప్పుడో అదే తేదీన జరిగిన ఒక సంగతి.

ఆ బడి ఎమ్మిగనూరు నుంచి నందవరం పోయే దారిలో ఒక ఊర్లో ఉంది. ఆమె అక్కడ సోషల్ టీచరు. నేను ఆదోని పత్తి యార్డులో ఒక వ్యాపారి దగ్గర గ్రేడర్‌ను. ఎమ్మిగనూరులో మా ఇంటి నుంచి ఆమెను మోటారు సైకిల్ మీద తీసుకుపోయి బడి దగ్గర దింపి, బోర్డు రాసేదాకా గేటు దగ్గర నిలబడి, చదివి, వెనక్కి తిరిగి ఆదోని పోయేవాణ్ణి. యార్డులో నా పని పదిన్నర తర్వాతే మొదలయ్యేది. పత్తి కుప్పలో చెయ్యి లోపలికంటా పెట్టి గుప్పెడు తీసి, రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి లాగి, పింజ పొడుగెంతో, తడి ఎంతో చెప్పాలి. రైతు ముఖం చూడొద్దని నాకు పని నేర్పినాయన చెప్పాడు. చూస్తే నోట్లోంచి నిజం రాదట. నేను చూడను. ఈ పనిలో నా మాట తప్పని ఎవరూ అనలేదు.

ఆ పుస్తకం ఇంటికి తెచ్చింది నేనే. ఆదోనిలో పత్తి గింజ తీసే ఒక జిన్నింగ్ మిల్లుకు టెక్సాస్ నుంచి మెషిన్ వచ్చింది. దాన్ని బిగించడానికి వచ్చిన ఇంజనీరు మూడు వారాలు ఉండి, పోయేటప్పుడు లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి వదిలేసి పోయాడు. ఏడాదిలో ప్రతి రోజుకూ ఒక పేజీ. ఆ రోజు టెక్సాస్‌లో ఏ ఏట ఏం జరిగిందో అందులో ఉంది. మిల్లు ఆఫీసులో దాన్ని ఊగే బల్ల కాలు కింద పెట్టారు. నేను అక్కడ ఒక చెక్కముక్క పెట్టి పుస్తకం తీసుకున్నాను.

“ఇదెందుకు తెచ్చినావు బావా?” అంది ఆమె. ఆమె మా మేనమామ కూతురు. చిన్నప్పటి నుంచీ బావా అనే పిలిచింది, పెళ్ళయ్యాక కూడా మార్చలేదు.

“ఆడ కూడా పత్తి పండిస్తారంట మే.”

“అయితే ఇత్తితే మొలుస్తాదా?” అని నవ్వి, వారం రోజులు దాన్ని ముట్టుకోలేదు. తర్వాత అది ఆమె చేతిలోంచి దిగలేదు, నేను దాన్ని ముట్టుకునే అవసరం రాలేదు.

అప్పటికి బడిలో ఆ బోర్డు ఖాళీగా ఉండేది. అంతకు ముందు జయంతులు, వర్ధంతులు రాసేవాళ్ళు. ఒకసారి ఒక పెద్దమనిషి జయంతి రాస్తే, మర్నాడు ఊళ్ళోంచి ఇద్దరు వచ్చి, పోయిన నెల మా నాయకుని జయంతి ఎందుకు రాయలేదని హెడ్మాస్టర్‌ను నిలదీశారు. ఆ తర్వాతి వారం ఇంకో వీధి వాళ్ళు వచ్చారు. హెడ్మాస్టర్ మంచివాడు, భయస్తుడు. బోర్డు తుడిపించి, సుద్దముక్కల డబ్బా బీరువాలో పెట్టించాడు.

నా భార్య ఆ పుస్తకం పట్టుకుని ఆయన దగ్గరికి పోయింది. “సార్, ఇందులో మన కులపోళ్ళు ఎవరూ లేరు. ఎదురింటి కులపోళ్ళు కూడా లేరు. ఏం రాసినా కొట్లాటకు వచ్చేవాళ్ళు ఉండరు.”

ఆయన రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నాడు. “సరేమ్మా. ఇనస్పెక్షన్ రోజు మాత్రం మన దేశం రాయి” అన్నాడు.

అట్లా మొదలైంది. మెక్సికో నుంచి మేము విడిపోతున్నామని టెక్సాస్ వాళ్ళు ప్రకటించిన రోజు, పద్దెనిమిది నిమిషాల్లో ముగిసిపోయిన యుద్ధం, మొదటిసారి నూనె ఎగదన్నిన బావి. పిల్లలు ఆమెకు టెక్సాస్ మేడమ్ అని పేరు పెట్టారు. అది ఊళ్ళోకి, ఊళ్ళోంచి ఆటోల్లోకి పోయింది. నేను దింపలేని రోజు ఆమె ఆటోలో పోతే, “టెక్సాస్ మేడమొస్తాండాది, జరుగండప్పా, ఆ మూల సీటు ఇడ్సండి” అనేవాడట డ్రైవరు. ఆమెకు అది ఇష్టమే. ఇష్టమని చెప్పేది కాదు.

మార్చి 18 నాటి పేజీ ఆమె ప్రతి ఏడూ రాసింది. 1937లో ఆ రోజు న్యూ లండన్ అనే ఊరి బడిలో గ్యాస్ లీకై పేలింది. దాదాపు మూడు వందల మంది పిల్లలు, టీచర్లు చనిపోయారు. ఆ గ్యాస్‌కు వాసన లేదు కాబట్టి లీకైన సంగతి ఎవరికీ తెలియలేదు. ఆ తర్వాతే గ్యాస్‌లో కంపు కలపాలని చట్టం చేశారు. మొదటి ఏడు ఆమె ఇది రాసినప్పుడు, బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె పిల్లలతో చదివించుకుని విని, వంటగదిలో సిలిండర్ వైపు చూస్తూ అడిగిందట: “అట్లయితే మేడమ్, ఈ కంపు ఆ పిల్లోళ్ళు సచ్చినందుకు వచ్చిందా?”

“అవును” అంది నా భార్య.

“మంచి పని సేసినారు. కంపు కొడితేనే గదా మనిషి బయటికి ఉరికేది” అందట వంటామె.

ఇంటికొచ్చి నా భార్య ఈ మాట నాకు రెండుసార్లు చెప్పింది. అప్పుడు నేను విని ఊరుకున్నాను.

ఒకసారి తప్పు జరిగింది. పుస్తకం వెనక సూచికలో తేదీలు అంకెల్లో ఉంటాయి. గాల్వెస్టన్ అనే రేవు పట్టణాన్ని ముంచేసిన తుఫాను గురించి వెతికి, 09/08 అని చూసి, ఆమె ఆగస్టు 9న బోర్డు మీద రాసింది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి మధ్యాహ్నం పుస్తకం అడిగి తీసుకుని తిరగేసి, “మేడమ్, పేజీ మీద సెప్టెంబరని ఉండాది” అంది. అమెరికా వాళ్ళు నెల ముందు, రోజు తర్వాత రాస్తారు. మర్నాడు ఎనిమిది నలభైకి ఆమె బోర్డు మీద కొత్త విశేషం రాయలేదు. ‘నిన్న రాసింది తప్పు. ఆ తుఫాను వచ్చింది ఆగస్టు 9న కాదు, 1900 సెప్టెంబర్ 8న. నేను సరిగా చూసుకోలేదు’ అని రాసి కింద సంతకం పెట్టింది.

హెడ్మాస్టర్ నొచ్చుకున్నాడు. “టీచరు తప్పు చేసిందని బోర్డు మీద రాస్తే పిల్లలకు భయముంటుందామ్మా?”

“భయం దేనికి సార్, తేదీ కావాల గానీ.”

అప్పటి నుంచి అది బడిలో పద్ధతి అయింది. బోర్డు మీద ఏదైనా తప్పు పడితే, మర్నాడు అదే బోర్డు మీద, అంతే పెద్ద అక్షరాలతో, తప్పని రాయాలి. పిల్లలకు ఆమె ఇంకో సంగతి కూడా నేర్పింది. అంకెల్లో తేదీ చూసి నెల ఏదో, రోజు ఏదో తెలియకపోతే, అదే కాగితం మీద ఇంకో తేదీ వెతకండి. పన్నెండు దాటిన అంకె ఎక్కడైనా కనబడితే అది రోజే. పదమూడో నెల ఎవరి దగ్గరా లేదు. ఇంట్లో నాకు కూడా చెప్పింది. నేను పత్తి సంచిలో నమూనాలు సర్దుకుంటూ ఊ కొట్టాను.

పిల్లలు ఒక రోజు ఆమెను అడిగారట: “మేడమ్, మన ఊర్లో ఏమీ జరగలేదా?”

ఆమె ఒక లావు నోటుపుస్తకం కొన్నది. పేజీ పైన తేదీలు వేసుకుంది, లీపు రోజుతో సహా మూడు వందల అరవై ఆరు. ఆదోని, ఎమ్మిగనూరు, చుట్టుపక్కల ఊర్లకు అట్లాంటి పుస్తకం ఒకటి రాస్తానంది. ఆదివారాలు ముసలివాళ్ళను కలిసి వచ్చేది. మన వైపు సంగతులు ఎన్నైనా దొరుకుతాయి, తేదీలు దొరకవు. “ఏ తేదీ అవ్వా?” అంటే “తేదీ యాడిది బిడ్డా, శెనిక్కాయలు పెరికే కాలం” అంటారు. దేవరగట్టు కర్రల సమరం రాద్దామంటే అది దసరాతో పాటు ఏడాదికొక తేదీకి మారుతుంది, దానికి పేజీ లేదు. “టెక్సాస్ వాళ్ళకు సుఖం బావా, వాళ్ళ కొట్లాటలన్నిటికీ తేదీలున్నాయి” అనేది. ఫిబ్రవరిలో ఒక పేజీ మాత్రం ఆమెకు కచ్చితంగా తెలుసు. ఎమ్మిగనూరులో మా మామ, అంటే ఆమె నాన్న, ఇంట్లో మగ్గం గుంట పూడ్చి బండలు పరిపించిన రోజు. అది ఆమె మొదటి పేజీ. వేసవి సెలవుల్లో కూర్చుని మిగతావి రాస్తానని చెప్పింది.

ఆ ఏడు మార్చిలోనే ఆమె మెడ పక్కన గడ్డ తేలింది. నొప్పి లేదు. కర్నూలులో చూపిస్తే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. అది మార్చి 28. రిపోర్టు తీసుకోవడానికి ఏప్రిల్ 6న నేనూ, ఆమె తమ్ముడూ పోయాము. ఆమెకు పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీ పడింది, రాలేదు. ఆమె తమ్ముడికి ఎమ్మిగనూరులో బట్టల అంగడి. మే చివర్లో అతని కూతురి పెళ్ళి.

డాక్టరు తిన్నగానే చెప్పాడు. క్యాన్సరు. గడ్డ ఒకటే కాదు, లోపల కూడా పాకింది. మందులు పెడితే కొంత కాలం వస్తుంది, వెంటనే మొదలుపెట్టాలి. “ఆమెకు తెలుసా?” అని అడిగాడు.

“తెలియదు.”

ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. “ఎట్లా చెప్తారో మీ ఇష్టం. ఆలస్యం మాత్రం చెయ్యకండి” అన్నాడు.

ఆసుపత్రి బయట చెరుకురసం బండి దగ్గర నిలబడి నా బామ్మర్ది ఏడ్చాడు. తర్వాత ముఖం తుడుచుకుని అన్నాడు: “అక్కకు సెప్పద్దు బావా. సెప్తే ఆ మాటకే సచ్చిపోతాది. పెండ్లి కానీ. ఆ బిడ్డకు మేనత్త అదొక్కతే. పెండ్లయినాక సెప్దాం.”

“డాక్టరు వెంటనే అన్నాడు గదప్పా.”

“నెలన్నరలో ఏమైతాది? అది నవ్వుతా తిరగనీ ఆ నాలుగు దినాలు.”

నేను సరేనన్నాను. పెళ్ళి కోసం సరేనన్నానని చాలా రోజులు అనుకున్నాను. నిజానికి పెళ్ళి నాకు దొరికిన సాకు. అతను ఆ మాట అనకపోతే ఆ సాయంత్రం ఇంటికి పోయి ఆమె ముఖం చూసి నేను చెప్పాలి. యార్డులో ముఖం చూడకుండా చెప్పడం నేర్చుకున్నాను. చూస్తూ చెప్పడం నాకు రాదు.

రిపోర్టు నా నమూనాల సంచిలో పెట్టుకున్నాను, పత్తి పొట్లాల మధ్య. ఆ సంచి ఆమె ఎప్పుడూ ముట్టదు. దూది నుసికి తుమ్ములు వస్తాయి. ల్యాబు వాళ్ళు ముక్కను హైదరాబాదుకు పంపారనీ, అక్కడ ఆలస్యమవుతుందనీ చెప్పాను. ఆమె నమ్మింది. నేను అబద్ధం చెప్పే మనిషిని కాదని ఆమెకు నమ్మకం. వారానికొకసారి అడిగేది. ఏప్రిల్ చివర్లో అడిగినప్పుడు నేనేదో గొణిగితే నవ్వింది.

“రిపోర్టు గాల్వెస్టన్‌కు పోయిందేమో బావా. రెండున్నరేళ్ళకు వస్తాదిలే.”

ఆ మాట అర్థం కావాలంటే జూన్ 19 పేజీ తెలియాలి. అది కూడా ఆమె ప్రతి ఏడూ రాసేది. 1865లో ఆ రోజు గాల్వెస్టన్‌లో ఒక సైన్యాధికారి, బానిసలందరూ ఇక స్వతంత్రులని ఉత్తర్వు చదివించాడు. అమెరికా అధ్యక్షుడు చేసిన విడుదల ప్రకటన అమల్లోకి వచ్చి అప్పటికి దాదాపు రెండున్నరేళ్ళయింది. టెక్సాస్‌లో దాన్ని అమలు చేసే సైన్యం అంతవరకూ రాలేదు. అక్కడి యజమానులు విడువలేదు. ఇంకొక పత్తి పంట చేతికొచ్చేదాకా కావాలనే ఆపారని కొందరు చెప్తారు, దానికి రుజువు లేదు అని కూడా ఆమె బోర్డు మీద రాసేది. రుజువు లేని మాటను రుజువు లేదని చెప్పకుండా రాయదు.

“ఎవురికీ తెలీదా మేడమ్?” అని పిల్లలు అడిగేవాళ్ళట.

“తెలిసినోళ్ళు ఉండినారు. చెప్పాల్సినోళ్ళు చెప్పలేదు.”

సెలవులు వచ్చాయి. నోటుపుస్తకం బల్ల మీదే ఉంది. ఆమె పెళ్ళి పనుల్లో పడింది. మేనకోడలికి చీరలకు అంచులు కుట్టించడం, పసుపు కొట్టించడం, చుట్టాలకు ఫోన్లు. ఒక మధ్యాహ్నం నోటుపుస్తకం తీసి, తిరగేసి, మళ్ళీ పెట్టేసింది.

“ఈ సెలవులకు కుదిరేటట్టు లేదు బావా. వచ్చే ఏడు సెలవుల్లో రాస్తా.”

నేను అన్నం తింటున్నాను. నా సంచి గోడ మేకుకు వేలాడుతోంది. “సరే, వచ్చే ఏడు రాద్దువులే” అన్నాను.

ఇన్ని నెలల్లో నేను ఆడిన మాటల్లో ఇదే నీచమైనది. హైదరాబాదు అబద్ధం కన్నా. అది ల్యాబు గురించిన అబద్ధం. ఇది ఆమె సమయం గురించి. ఆ సమయం ఎంత ఉందో ఇంట్లో నాకొక్కడికే తెలుసు, దాన్ని ఆమె చీర అంచులకు ఖర్చు పెడుతుంటే చూస్తూ అన్నంలో పెరుగు కలుపుకున్నాను.

పెళ్ళి బాగా జరిగింది. అప్పటికి బంధువులందరికీ తెలుసు. నా బామ్మర్ది తన భార్యకు చెప్పాడు, ఆమె తన అక్కకు, అట్లా. నా భార్యను ముందు వరసలో కూర్చోబెట్టారు. మొదటి ఆకు ఆమెకే వేశారు. ఎప్పుడూ ఆమెతో మాట్లాడని నా పెదనాన్న కోడలు వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకుంది. “ఏమప్పా, నన్నే పెండ్లికూతురు చేసినారు మీరు, అప్పగింతలకు ఇంకా టైముంది” అని ఆమె అందరినీ నవ్వించింది. వాళ్ళు నవ్వి, పక్కకు తిరిగారు. ఆమె నవ్వుతూనే ఉంది.

పెళ్ళయ్యాక కూడా ఇరవై రోజులు చెప్పలేదు. మొదట వ్రతం అన్నాం. తర్వాత అల్లుడు తిరిగి వెళ్ళనీ అన్నాం. జూన్ 12న బడులు తెరిచారు. జూన్ 18 సాయంత్రం డాక్టరు దగ్గరి నుంచి ఫోన్ వచ్చింది. రెండు నెలలు దాటింది, వస్తారా రారా అని. ఇక తప్పించుకునే దారి లేక, సంచిలోంచి రిపోర్టు తీసి దులిపి ఆమెకిచ్చాను. ఇచ్చే ముందు ఒకసారి చూసుకున్నాను. కింద తేదీ 04/06 అని ఉంది. ఆ ల్యాబు కంప్యూటర్‌లో తేదీలు అమెరికా పద్ధతిలో పడతాయి, ఎవరూ మార్చుకోలేదు. మన వైపు ఎవరు చూసినా జూన్ నాలుగని చదువుతారు. నాకది కలిసొచ్చిందనిపించింది. అంత మాట వినబోయే మనిషి ముందు నిలబడి, తేదీ కలిసొచ్చిందని నేను సంతోషించాను.

“ఈ పొద్దే చేతికొచ్చింది. జూన్ నాలుగున తయారైందంట. మొన్నటిదాకా హైదరాబాదులోనే ఉండిపోయింది” అన్నాను.

ఆమె మంచం మీద కూర్చుని మొత్తం చదివింది. ఇంగ్లీషు ఆమెకు నాకన్నా బాగా వచ్చు. రెండో పేజీ తిప్పింది, మళ్ళీ మొదటి పేజీకి వచ్చింది. కాగితం మీద పత్తి నుసి ఉంది, వేలితో తుడిచింది. తుమ్మింది. పైన చిన్న అక్షరాల దగ్గర వేలు ఆగింది. ముక్క అందిన తేదీ అక్కడ ఉంది: 03/28.

“ఇరవై ఎనిమిదో నెల యాడుంది బావా?” అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. చూపించిన చోట చూశాను. అప్పుడు అర్థమైంది. ఆమె కాగితాన్ని మునుపు ఉన్న మడతల మీదే మడిచింది. ఆ మడతలు ఒక్క రోజువి కావు, అవి కూడా ఆమె చూసింది.

“ఇంకెవరికి తెలుసు?”

“మీ తమ్మునికి.”

“ఆ తర్వాత?”

“అందరికీ.”

“పెండ్లికి ముందే?”

నేను తలూపాను. ఆమె లేచి వంటగదిలోకి పోయి అన్నం గిన్నె పొయ్యి మీద పెట్టింది. ఆ పూట మేమిద్దరం తిన్నాము. ఆమె ఏడవలేదు, అరవలేదు. అరిస్తే నాకు బాగుండేది.

మర్నాడు జూన్ 19. బడికి పోవద్దన్నాను. విననట్టు చెప్పులు వేసుకుంది. దారిలో ఒక్క మాట అంది, బండి మీద వెనక నుంచి: “పెండ్లిలో అందరూ నా మొగం ఎందుకట్లా చూస్తాండారో ఇప్పుడు తెలిసింది. పిచ్చిదాని మాదిరి నవ్వుకుంటా తిరిగినా.”

ఎనిమిది నలభైకి సుద్దముక్క తీసుకుంది. నేను గేటు దగ్గరే నిలబడ్డాను. నా గురించి ఏదో రాస్తుందని భయపడ్డాను. ఎవరికీ అర్థం కాని, నాకు మాత్రం తగిలే ఒక మాట. అట్లాంటిదేమీ లేదు. అంతకు ముందు ఏడాది రాసినవే, ఒక్క అక్షరం మారకుండా రాసింది. గాల్వెస్టన్, ఉత్తర్వు, రెండున్నరేళ్ళు, పత్తి పంట. చివర ‘దీనికి రుజువు లేదు’ అని కూడా రాసింది. చేతులు దులుపుకుని, దూరం పోయి నిలబడి, చదువుకుని, లోపలికి పోయింది. గేటు వైపు చూడలేదు. నేను ఆ బోర్డు పిల్లలు వచ్చేదాకా చదువుతూ నిలబడ్డాను.

ఆ వారమే కర్నూలులో మందులు మొదలుపెట్టారు. డాక్టరును ఆమే అడిగింది, నా ముందే. “ఏప్రిల్‌లో మొదలుపెట్టి ఉంటే ఏమయ్యేది సార్?”

“కచ్చితంగా చెప్పలేమమ్మా. కొన్ని నెలలు కలిసి ఉండొచ్చు. కలవకపోయి ఉండొచ్చు.”

“ఆ నెలల సంగతి కాదు. పోయిన రెండు నెలలు నావి గదా” అంది. డాక్టరు నా వైపు చూశాడు. నేను గోడ మీద క్యాలెండర్ చూశాను.

తమ్ముడు వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుని, “నీ మంచికే సేసినాం అక్కా” అన్నాడు. ఆమె అతని తల మీద చెయ్యి పెట్టింది. “నీ కూతురి పెండ్లి బాగా జరిగిందిలేరా. మేనత్త లోటు రానియ్యలేదు నేను.” అతను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మా ఇంటికి రావడం తగ్గించాడు.

ఒంట్లో ఓపిక ఉన్న రోజుల్లో బడికి పోయింది, దసరా సెలవుల దాకా. బోర్డు రాసింది. మందుల వల్ల వేళ్ళు తిమ్మిరెక్కి అక్షరాలు పెద్దవయ్యాయి. నోటుపుస్తకం కూడా తీసింది గానీ, ముసలివాళ్ళ దగ్గరికి పోయే శక్తి లేదు. నేను పోయి అడిగి వస్తానన్నాను. “నువ్వు తేదీలు మారుస్తావు బావా” అంది. ఎగతాళిగా అనలేదు. మామూలుగా చెప్పింది. ఆ ఆరు నెలల్లో నాతో మంచిగానే ఉంది. నీళ్ళు అడిగేది, బండి నిదానంగా నడపమనేది, పత్తి ధర ఎట్లుందనేది. నేను చెప్పిన దేన్నీ మాత్రం మళ్ళీ చూసుకోకుండా నమ్మలేదు. ఈ రోజు బుధవారమంటే ఫోన్ తీసి చూసేది.

డిసెంబరులో పోయింది. పరామర్శకు వచ్చినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు నాతో ఒకటే మాట అన్నారు. ఆ పెండ్లి దినాలన్నా ఏమీ తెలియకుండా సంతోషంగా గడిపింది, ఆ పుణ్యం నీదప్పా అని. పెదనాన్న కోడలు, పెళ్ళిలో చెయ్యి పట్టుకుని ఏడ్చినామె, ఇంకో మాట చేర్చింది: “మా ఇంట్లో కూడా అట్లే సేసినాం. మా మామకు కడదాకా తెలీదు.” వాళ్ళు నన్ను ఓదారుస్తున్నారు. నేను కాఫీ గ్లాసులు అందించాను. కాదని ఎవరితోనూ అనలేదు. ఆ ఇంట్లో కాదని అనే మనిషి ఆమె.

జనవరిలో ఆ బడికి పోయాను. పుస్తకం అక్కడి పిల్లలకు ఇచ్చేద్దామని. హెడ్మాస్టర్ తీసుకోవడానికి వెనకాడాడు. “కొత్తగా వచ్చిన సోషల్ సార్‌కు అంత ఓపిక లేదండీ. మేడమ్ ఉన్నప్పుడు సరిపోయింది” అన్నాడు. పుస్తకం మళ్ళీ సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. నోటుపుస్తకం పక్కనే పెట్టాను. నోటుపుస్తకంలో రాసిన పేజీలు పదకొండు. చివరిది జూన్ 18 పేజీ. అందులో నా గురించి రాసిందేమోనని విప్పి చూశాను. ‘ఎమ్మిగనూరు. నాకు ఈ రోజు రిపోర్టు చూపించారు. రిపోర్టు తేదీ ఏప్రిల్ 6.’ అంతే ఉంది. తేదీ కింద గీత గీసింది.

ఎవరు చూపించారో రాయలేదు. ఎందుకు ఆలస్యమైందో రాయలేదు. దానికి ఆమె దగ్గర రుజువు ఉంది, అయినా రాయలేదు.

బడి గోడ మీద ఆ బోర్డు ఇంకా ఉంది. ‘నేటి విశేషం’ అనే పెయింటు కింద ఇప్పుడు ఎంతమంది పిల్లలు వచ్చారో, మధ్యాహ్నం ఏం వండుతున్నారో రాస్తారు. నేను పోయిన రోజు అది పాతదే. సోమవారం పోయాను, శనివారం కూర ఉంది. గేటు దగ్గర నిలబడి ఎనిమిది నలభై దాటేదాకా చూశాను. ఎవరూ వచ్చి మార్చలేదు. తప్పు రాస్తే మర్నాడు అదే బోర్డు మీద తప్పని రాసి సంతకం పెట్టే పద్ధతి ఆ బడిలో ఇప్పుడు లేదు.